ఎడమవైపు వెలుతురు

భీమేశ్వరరావు మేష్టారు గీసిన బొమ్మ ఆయన ఇంట్లో ఒక్కటి కూడా ఉండేది కాదు. బరంపురంలో, పెద్ద బజారు వెనక సందులో, రెండు గదుల అద్దె ఇల్లు. గోడకు ఒక అద్దం, మేకుకు ఒక గొడుగు. అంతే. ఎవరైనా అడిగితే, "గీసినవి కావు, నేర్పినవే నావి" అనేవారు.

ఆ మాటలో గొప్ప లేదు. ఆయనకు పొలం లేదు. పిల్లలు లేరు. భార్య పోయి చాలా కాలమైంది. ఎవరెవరి చేతుల్లోకో ఎక్కించిన గీతలే ఆయన ఆస్తి. తాను చెప్పింది సరైన చదువని ఆయన నమ్మకం. బతుకంతా ఆ ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది.

ఒరిస్సా వేరే రాష్ట్రమైన ఏడు, ఆయన పనిచేసే బడిలో డ్రాయింగు తీసేశారు. అంతవరకూ అంతా మద్రాసు లెక్క. పరీక్ష కాగితాలు మద్రాసు నుంచి వచ్చేవి, సర్టిఫికెట్లూ అక్కడినుంచే. మేష్టారు చదువుకున్నది కూడా మద్రాసులోనే. ఊరు కదల్లేదు, రైలు పట్టాలు కదల్లేదు. మ్యాపు మీద ఎవరో కొత్తగా ఒక గీత గీశారు. మేష్టారు ఆ గీతకు ఇవతల ఉండిపోయారు.

"బడి పోతే పోయింది మేష్టారూ, మా పిల్లలున్నారు కదా," అన్నాడు నూలు వ్యాపారి రామచంద్రరావు. "వారానికి రెండు పూటలు రండి. వాళ్లు బొమ్మలేసుకుంటూ కూర్చుంటే మా ఇంట్లో కాస్త చెవులు పనిచేస్తాయి."

అలా మొదలయ్యాయి ప్రైవేట్లు. సోమవారం, శుక్రవారం బరంపురం. మంగళవారం ఛత్రపురం. బుధవారం గంజాం. ప్యాసింజరు బండిలో కిటికీ పక్కన, ఒళ్లో గుడ్డసంచి. సంచిలో ముతక కాగితాల చుట్ట, చింతపుల్లలు కాల్చి చేసుకున్న బొగ్గు, బత్తాయికాయంత సున్నపు బంతి. ఆ బంతి ఆయన చేత్తో చేసుకున్నదే. ఎన్నో ఇళ్ల పీటలెక్కి దిగి, ఒక పక్క కాస్త అరిగింది.

ఏ ఇంటికి వెళ్లినా ముందు చాప లాగించేవారు. కిటికీ ఎడమవైపు ఉండాలి. కిటికీ లేని ఇంట్లో అరుగు మీద, వీధి ఎడమకు వచ్చేట్టు. బంతిని పీట మీద పెట్టి, "వెలుతురు ఎటునుంచి?" అని అడిగేవారు.

"ఎడమనుంచి!"

"నీడ?"

"కుడిపక్క!"

రామచంద్రరావు పిల్లలు దాన్ని పాటలా పాడేవారు. వాళ్లింట్లో వంటమనిషికి కూడా ఆ పాట వచ్చేసింది. మబ్బు పట్టిన రోజున, గదిలో ఎటునుంచీ వెలుతురు లేని రోజున కూడా, కాగితం మీద మాత్రం వెలుతురు ఎడమనుంచే వచ్చేది. ముందు చుట్టుగీతను చెయ్యి ఎత్తకుండా, వంపులో ఒత్తి, చివర సన్నగా లాగించేవారు. పిల్లలు కుండ వేసినా, కొబ్బరికాయ వేసినా, నాయనమ్మ ముఖం వేసినా కుడిపక్క నల్లగా రుద్దేవారు. బంతి బంతిలా ఉబికి వచ్చేది. దాన్ని చూసి పిల్లలు ఆశ్చర్యపోవడం మేష్టారికి ఎన్నేళ్లకూ పాతబడలేదు.

గంజాంలో ఉప్పు ఆఫీసరు పిల్లలకు పాఠం. పదకొండుకల్లా అయిపోయేది. తిరుగుబండి మూడింటికి. ఆ మధ్య మేష్టారు స్టేషనులో బల్ల మీద కూర్చునేవారు. ఒక బుధవారం ప్లాట్‌ఫారమంతా ఎండుచేపల బుట్టలు. మేష్టారు ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి తీసేశారు.

బుట్టల మీద కప్పిన ఈతాకు చాపల మీద ఎవరో బొగ్గుతో గుర్తులు వేశారు. ఒకదాని మీద రెండు మీసాలు. ఒకదాని మీద చిరిగిన గొడుగు. ఇంకొకదాని మీద మేక. నాలుగైదు గీతలు, అంతే. కాని ఆ మేక కుంటుతోంది. కుంటుతోందని తెలుస్తోంది.

"ఇవి ఎవరు వేశారు?"

బుట్టల పక్కన చతికిలబడిన ఆడమనిషి తలెత్తింది. ముప్పై ఏళ్లుంటాయి.

"నానే బాబూ. ఏటి, తప్పా?"

"తప్పు కాదు. ఈ మీసాలేమిటి?"

"బరంపురం కొట్టోడు పైడయ్యవి. ఈ బుట్ట ఆడిది. నాకు రాత రాదు. మీసాలేస్తే ఆడికీ తెలుస్తాది, నాకూ తెలుస్తాది."

"మరి ఈ గొడుగు?"

"అది సెప్పను. ఆలింటే నన్ను కొడతారు."

ఆమె పేరు ఆదిలక్ష్మి. ఋషికుల్య సముద్రంలో కలిసే చోటుకు దగ్గర, తెలుగు జాలర్ల పేటలో ఉంటుంది. పడవల దగ్గర చేప కొని, ఎండబెట్టి, బరంపురం పంపుతుంది. మొగుడు రంగూన్ వెళ్లాడు. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి.

"నీకు ప్రైవేటు చెబుతాను, నేర్చుకుంటావా?" అన్నారు మేష్టారు.

ఆమె పకపకా నవ్వింది. "ఎండుసేపలోల్లకి పైవేటా? మీకేటిస్తాను బాబూ? సేపలు మీరు తినరు."

"తినను."

"గీస్తారా?"

"గీస్తాను."

"తినకుండా గీస్తే దానికి రుసెక్కడిది?"

మూడింటి బండి రాగానే మేష్టారు ఎక్కేశారు. కాని మరుసటి బుధవారం ఆయన స్టేషను బల్ల మీద కూర్చోలేదు. ఆదిలక్ష్మి ఇంటి అరుగు మీద కూర్చున్నారు. జీతం సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఇతరులకు మూడేళ్లు పట్టేది ఆమెకు ఒక ఏడు పట్టింది. ఆమె వస్తువును చాలాసేపు చూసేది. ఆ తర్వాత దానివైపు చూడకుండా వేసేది. "చూస్తూ వెయ్యాలి," అనేవారు మేష్టారు. "సూసీసినాను కదా మేస్టారూ, ఇంకా ఎన్నిసార్లు సూడాల?" అనేది. పేటలో ఆడవాళ్లు దారిన పోతూ ఆగి, "ఏటే, సున్నపుండని సూసి సున్నపుండని గీస్తన్నావా?" అని ఎగతాళి చేసేవారు. ఆమె తల ఎత్తేది కాదు.

ఒక్కసారి మాత్రం బొగ్గు కింద పెట్టి అడిగింది.

"మేస్టారూ, ఎలుగు ఎడం పక్కనుంచే ఎందుకు రావాల? మా అరుగు మీదకి ఈ ఏల కుడిపక్కనుంచి ఒస్తాది."

"పాఠం అలాగే ఉంటుంది."

"అలాగేనా," అంది. మళ్లీ గీసుకుంది.

ఆ పేట ఆడవాళ్లకు ఒక నోము ఉంది. ఒడియాలో దాన్ని ఓసా అంటారు. తరతరాలుగా ఒడియా వాళ్ల పక్కన బతికి, ఆ పేటలో తెలుగు వాళ్లు కూడా పట్టేవారు. దసరాకు ముందు వచ్చే బహుళాష్టమి నాడు పొద్దున్నుంచి పచ్చినీళ్లు ముట్టరు. పొద్దుగూకాక పూజ. ఎగసే సముద్రం మీద ఉన్న మగవాళ్లు మళ్లీ ఇంటికి రావాలని మొక్కు. దానికోసం పేట మధ్య ఒక గది ఉండేది. దాని వెనక గోడ నిండా బొమ్మలు. అయిదుగురు అమ్మవార్లు, వాళ్ల చుట్టూ పడవలు, పులులు, చేపలు. ఏటా పాతవాటి మీద సున్నం కొట్టి, మళ్లీ కొత్తగా వేయాలి. గోడ కుదరకపోతే ఆ ఏడు నోము లేదు.

ఆ గోడను నలభై ఏళ్లుగా ఒడియా చిత్రకారుడు ఒకాయన వేసేవాడు. పేటలో అందరూ ఆయన్ని మారణా అనేవారు. ఆ ఎండాకాలం ఆయన పోయాడు. నోము నడిపించే పెద్దావిడ ముత్యాలమ్మ. అరవై దాటిన మనిషి. ఆమె ఆదిలక్ష్మి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మేస్టారు కాడ నేర్సినావు కదే గుంటా. నువ్వే గియ్యి."

"నానా, అత్తా?"

"నువ్వు కాకపోతే ఆ సున్నపుండ గీస్తాదా?"

బుధవారం మేష్టారు రాగానే ఆదిలక్ష్మి ఆయన్ని గోడ దగ్గరికి తీసుకుపోయింది. పాత అమ్మవార్లు అప్పటికింకా ఉన్నారు. పసుపుపచ్చని ముఖాలు, పెద్ద కళ్లు, ఎక్కడా నీడ లేదు. పలకలా చదునుగా ఉన్నాయి.

"ఈలని ఇలాగే ఏసేద్దునా, మనం నేర్సుకున్నట్టు ఎయ్యనా? మారణా ఎప్పుడూ నీడ ఎట్టీవోడు కాడు మేస్టారూ."

"ఆయనకు తెలియదు," అన్నారు మేష్టారు. "బుగ్గలు గుండ్రంగా కనిపించాలి. కుడిపక్క నీడ వెయ్యి. నువ్వు వేస్తే మనుషుల్లా లేచి వస్తారు."

ఆ మాట అనడానికి ఆయనకు క్షణం పట్టలేదు. తర్వాత చాలా ఏళ్లు ఆ క్షణాన్ని ఆయన వెనక్కి తిప్పి చూసుకునేవారు.

అష్టమి గురువారం పడింది. ఆ రోజు పాఠాలు లేవు, మేష్టారు మధ్యాహ్నం బండికి గంజాం వచ్చారు. గదికి ఒక్కటే తలుపు, గోడకు ఎదురుగా నిలబడితే ఎడమపక్క. తలుపులోంచి పగటి వెలుతురు లోపలికి పడుతోంది. గడప దగ్గర నిలబడి చూశారు. అయిదు ముఖాలు, గుండ్రంగా, బరువుగా, గోడను వదిలి ముందుకు వచ్చి ఉన్నాయి. మొగలి వేరు దంచి చేసిన కుంచెతో, పసుపు, జాజు, దీపం మసి, ఈ మూడింటితో ఆమె చేసిన పని. మద్రాసులో కూడా ఇలాంటిది ఆయన చూడలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"బాగుందా?" అంది ఆదిలక్ష్మి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"బాగుంది."

మేష్టారు గడప దగ్గరనుంచి ఇవతలికి వచ్చారు. అరుగు మీద కూర్చుని పొద్దుగూకేదాకా ఆగారు. ఆ రెండు మూడు గంటలు ఆయన జీవితంలో చాలా మంచివి.

పొద్దుగూకింది. పదిహేడుమంది ఆడవాళ్లు తడి చీరలతో వచ్చారు. గోడ ముందు నేల మీద వరసగా దీపాలు పెట్టారు. వాన తుప్పర కొడుతోందని తలుపు ఓరగా వేశారు. ముత్యాలమ్మ తల ఎత్తి చూసింది. చూస్తూ ఉండిపోయింది.

"ఏటే గుంటా, అమ్మోరికి మంగట్టిందేటి?"

ఆడవాళ్లు దగ్గరికి జరిగి చూశారు. తర్వాత వెనకనుంచి ఒకామె అంది. "మంగు కాదు పెద్దమ్మా. తాగొచ్చిన మొగుడు కొట్టినట్టుంది. అయిదుగురినీ, వరసని పెట్టి."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆదిలక్ష్మి గోడకేసి చూస్తూ కదలకుండా నిలబడింది.

మేష్టారు గడప దగ్గరికి వచ్చారు. "అది మంగు కాదమ్మా. నీడ."

"నీడా?" ముత్యాలమ్మ ఆయనవైపు తిరిగింది. కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. "దీపాలు ఎదర ఎట్టినాం కదా బాబూ. నీడ ఎనక్కి పోవాల. బుగ్గ మీద కొచ్చి ఎలా కూకుంటాది?"

మేష్టారు గోడను చూశారు. పగలు ఉబికి వచ్చిన ముఖాలు ఇప్పుడు లేవు. పసుపు ముఖాల మీద, ఒక పక్కగా, అయిదు మసి మరకలు ఉన్నాయి. ఆయన చెయ్యి ఎత్తి, తలుపు సందులోంచి దీపాలకేసి పట్టారు. అరచెయ్యంతా వెలుగే. కుడిపక్క నీడ ఎక్కడా లేదు.

అప్పుడు మద్రాసు తరగతి గది గుర్తొచ్చింది. మొదటి రోజు. ముసలి మాస్టరు బల్లలు జరిపిస్తున్నాడు. కిటికీ ఎడమకు ఉండాలి, లేకపోతే మీ చేతి నీడ మీ కాగితం మీదే పడుతుంది, అన్నాడు ఆయన. ఆయన చెప్పింది అంతే. కుడిచేత్తో గీసేవాడి సౌకర్యం. భీమేశ్వరరావు ఆ కారణాన్ని అక్కడే వదిలేసి, వెలుతురును మాత్రం వెంట తెచ్చుకున్నారు. ఇరవై రెండేళ్లు బడిలోనూ, ఇళ్లలోనూ మోశారు.

"తప్పు నాది," అన్నారు. "ఆమె అడిగింది. నేనే వెయ్యమన్నాను."

"తప్పెవులిదైతే ఏటిలే బాబూ. ముందు మొగం బాగవ్వాల. మా గొంతులు ఎండిపోతన్నాయి."

మేష్టారు చెప్పులు విడిచి లోపలికి అడుగు వేయబోయారు. ముత్యాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటైనా తిన్నారా ఈ దినం?"

"అటుకులు."

"అయితే గడప దాటకండి. తిన్న సెయ్యి గోడకి తగలకూడదు."

మేష్టారు బయటే నిలబడ్డారు. ఏం చేయాలో చెబుదామని నోరు తెరిచారు. మసిని పసుపు కప్పదు, కలిసిపోయి బురదరంగు అవుతుంది. గోడంతా సున్నం కొట్టి మళ్లీ వేయడానికి వేళ లేదు.

ఆదిలక్ష్మి ఆయనవైపు చూడలేదు. దీపాలు పక్కకు జరిపించింది. సుద్ద చిక్కగా కలిపి, మసి ఉన్న మేర మాత్రం అద్దింది. మసి ఊరి సుద్ద బూడిదరంగుకు తిరిగింది.

"ఆరాల," అంది. "సేటలు తెండి."

పదిహేడుమంది చేటలు తెచ్చారు. పచ్చినీళ్లు ముట్టని పదిహేడుమంది, గోడకు చేటలతో విసిరారు. చెయ్యి నొప్పెట్టిన ముసలామె చేట మార్చుకుని, "సెమట పట్టిందేటే అమ్మోరికి? ఎవులికీ ఇంత సేవ సెయ్యలేదు నాను," అంది. ఈసారి అందరూ నవ్వారు. నవ్వుతూ విసిరారు. రెండోసారి సుద్ద. మళ్లీ చేటలు. ఆ తర్వాత వెలగబంక కలిపిన పసుపు, పలచగా, చెవి నుంచి చెవి దాకా ఒకే రంగు. అయిదో అమ్మవారి దవడ కింద చిన్న బూడిద చార మిగిలింది. అక్కడ ఆదిలక్ష్మి ఒక ముత్యాల పేట వేసింది.

దీపాలు మళ్లీ ముందుకు జరిపారు.

ముఖాలు చదునుగా ఉన్నాయి. కాని దీపాలు కదిలినప్పుడల్లా ఆ పసుపు కదిలింది. కళ్లు ఎటు నిలబడిన మనిషిని అటు చూశాయి. మేష్టారు గడప బయట, ఖాళీ చేతులతో, మారణాను తలుచుకున్నారు. ఆయనకు తెలియదని ఆనాడు అన్నది తనే.

ముత్యాలమ్మ ముందుకు వెళ్లి కుంకుమ పెట్టింది.

"ఇప్పుడు మన్ని సూస్తంది," అంది.

పూజ మొదలవుతుండగా ఆదిలక్ష్మి చెయ్యి తుడుచుకుంటూ గడప దగ్గరికి వచ్చింది. "పడవల నీడలుంచేసినాను మేస్టారూ. అవి ఎండలో తిరుగుతాయి కదా, పరవాలేదన్నారు."

"నేను నీకు తప్పు చెప్పాను."

"అవును. నాను అడిగినాను, మీరు ఇనలేదు," అంది. మామూలుగా అంది. "బుదారం ఒస్తారా?"

"వస్తాను."

ఆ బుధవారం వెళ్లారు. చాప లాగలేదు. బంతిని అరుగు మీద ఎక్కడో పెట్టి, "ఎటునుంచి వస్తోందో నువ్వు చెప్పు," అన్నారు. అంతటితో ఆయన మనసు కుదుటపడలేదు. ఒక్కరికి చెబితే చాలదు. ఇరవై రెండేళ్లలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు బరంపురం నుంచి ఖల్లికోట దాకా ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఆ తప్పు ఉంది.

శనివారాలు, ఆదివారాలు గొడుగు పట్టుకుని బయలుదేరేవారు. ఒక్కొక్క ఇల్లూ వెతుక్కుని వెళ్లి, మంచినీళ్లు తాగి, విషయం చెప్పేవారు. వెలుతురు ఎటునుంచైనా రావచ్చు. నేను చెప్పింది కాగితానికి సంబంధించిన సంగతి. లోకానికి కాదు.

"బయట ఈ మాట అనకండి మేష్టారూ," అన్నాడు రామచంద్రరావు. "ఇన్నేళ్ల జీతాలు వెనక్కి ఇమ్మంటారు. నేనే ముందు అడుగుతాను."

వరలక్ష్మి అనే ఒకప్పటి శిష్యురాలు కళ్లనీళ్లు పెట్టుకుంది. తప్పు గురించి కాదు, పెళ్లయ్యాక మేష్టారు తనను చూడ్డానికి వచ్చినందుకు. తాలూకా ఆఫీసు గుమస్తా ఒకడు, "చిత్తం, సవరించుకుంటాను," అని కాయితం మీద రాసుకున్నాడు. ఒకామె అప్పటి బొమ్మలు పెట్టెలోంచి తీసి చూపించింది. కుండలన్నిటికీ కుడిపక్క నీడ. మేష్టారు వాటిని చాలాసేపు చూశారు. చెడ్డ కుండలు కావు.

అందరికన్నా ఆఖరున ఖల్లికోట. అక్కడ శ్యామసుందర్‌కు తాళ్లూ, వలదారాలూ, గాలాలూ అమ్మే కొట్టు. మేష్టారు కొత్తగా బడిలో చేరినప్పటి తొలి శిష్యుల్లో ఒకడు. ఇప్పుడు పొట్ట వచ్చింది, చెవుల పక్కన తెల్లబడింది. బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. మేష్టారు చెప్పింది అంతా ఓపికగా విన్నాడు.

"ఏ వెలుతురు మేష్టారూ?" అన్నాడు.

"ఎడమవైపుది. బంతి పెట్టి చెప్పేవాణ్ని."

శ్యామసుందర్ ఆలోచించాడు. "బంతి గుర్తుంది. దాంతో కిష్టిగాడి నెత్తి మీద కొట్టాను, మీరు గోడ కుర్చీ వేయించారు. వెలుతురు సంగతి గుర్తులేదు. నేను సవరించుకోవాల్సిందేమీ లేదు మేష్టారూ. బడి వదిలాక ఒక్క బొమ్మా వెయ్యలేదు. ఈ కొట్టూ, ఈ తాళ్లూ, వీటితోనే సరి."

మేష్టారు తల ఊపారు. ఇక్కడ తప్పు మిగల్లేదు. తనదేదీ మిగల్లేదు. మంచినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

చిలకా సరస్సు మీదినుంచి వచ్చిన జాలరి ఒకడు గుమ్మంలో నిలబడ్డాడు. పెద్ద చేప గాలం తెంపుకుపోయిందట. అలాంటిదే కావాలి. కొట్లో ఉన్నవి వరసగా చూపించినా ఏదీ కాదంటున్నాడు.

"కలకత్తా నుంచి తెప్పించాలి. ఎలా ఉంటాదో సెప్పు," అన్నాడు శ్యామసుందర్. పొట్లాల కాగితం ముక్క ఒకటి ముందుకు లాక్కుని, చెవి మీది పెన్సిలు తీశాడు. "ఇలాగేనా?"

"వొంపు ఇంకా లోనికి పోవాల."

"ఇదిగో."

"ముల్లు ఇంకా పొట్టి."

శ్యామసుందర్ మూడోసారి వేశాడు. చెయ్యి ఎత్తకుండా, మెడ దగ్గర మొదలుపెట్టి, వంపు తిప్పి, మొన దాకా. పెన్సిలు వంపులో ఒత్తుగా పోయి, మొన దగ్గరికి వచ్చేసరికి సన్నబడి ఆగింది. వేలికి గుచ్చుకునేట్టు ఉంది.

"ఇదే. ఇదే బాబూ," అన్నాడు జాలరి.

మేష్టారు గ్లాసు కింద పెట్టి, ఆ కాగితం ఇలా ఇమ్మని అడుగుదామనుకున్నారు. అప్పటికే జాలరి దాన్ని నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకున్నాడు.